భయానికి పీట వెయ్యండి

మా పిన్ని బీరువాలో, పట్టుచీరల అడుగున, పాత బిస్కెట్ల డబ్బా ఒకటి ఉంటుంది. సంక్రాంతికి ముందు ఇల్లు దులుపుతూ బీరువా జరిపితే ఆ డబ్బా జారి మూత ఊడిపోయింది. నేలంతా పసుపు గుడ్డ ముడుపులు. ఏరి లెక్కపెడితే 23. ఒక్కోదాంట్లో ఒక రూపాయి బిళ్ళ. కొన్ని ఇంకా పసుపు వాసన వేస్తున్నాయి. కొన్నింటి గుడ్డ మాసి, ముడి బిగుసుకుపోయి, గోరు పెట్టినా ఊడి రావడం లేదు.

"ఇది దేనికి కట్టావు పిన్నీ?" అని ఒకటి చూపించాను. కిటికీ దగ్గర పట్టుకుని చాలాసేపు చూసింది. "నీ చెల్లి కువైట్ వెళ్ళిన కొత్తలోదనుకుంటానే. కాదు కాదు, కరోనా అప్పటిది."

"ఏ దేవుడికి?"

పిన్ని మాట్లాడలేదు. మంచం అంచున కూలబడి ఏడ్చేసింది. మర్చిపోయిన మొక్కుకి దేవుడికి కోపం వస్తుందేమో, ఆ కోపం దేశం కాని దేశంలో ఉన్న కూతురి మీద పడుతుందేమో అని ఆవిడకి రెండేళ్ళుగా సరిగ్గా నిద్ర లేదట. కూతురు చల్లగా ఉండాలని కట్టిన ముడుపులే ఆవిడ నిద్రని తినేస్తున్నాయి.

ఆ మధ్యాహ్నం నుంచీ ఇది రాయాలని ఉంది. నేను డాక్టర్ని కాను. రాజోలు పక్కన ఒక స్కూల్లో తెలుగు చెబుతాను. ఈ గాభరా అనేది నాకూ వచ్చింది, మూడేళ్ళు నాతో కాపురం చేసింది. అందుకే రాసే ధైర్యం చేస్తున్నాను. ఇందులో సలహాలు చాలావరకు మన ఇళ్ళల్లో చెప్పుకునేవాటికి తలకిందులుగా ఉంటాయి. వినగానే తప్పుడు సలహాల్లా తోస్తాయి. నాకూ అలాగే తోచాయి. అయినా చేసి చూశాను, మేలు జరిగింది. మీరూ చేసి చూడండి.

ఒకే భయానికి రెండో మొక్కు మొక్కకండి

కోనసీమలో మొక్కుకోవడానికి చోటు వెతుక్కోనక్కర్లేదు. వాడపల్లి వెంకన్నకి ఏడు శనివారాలు, ఏడేసి ప్రదక్షిణలు. అయినవిల్లి వినాయకుడు, అప్పనపల్లి బాలబాలాజీ, మందపల్లి మందేశ్వరుడు, అంతర్వేది నరసింహస్వామి. పిల్లకి సంబంధం కుదరకపోతే మురమళ్ళ వీరేశ్వరుడికి కల్యాణం. ఊరూరా చర్చిలు, ఉపవాస ప్రార్థనలు. ఇవేవీ మానమని నేను అనను. నేనూ మొక్కుతాను.

వాడపల్లి మొక్కులో నాకు నచ్చే గుణం ఒకటుంది. దానికి మొదలూ చివరా ఉన్నాయి. ఏడు వారాలు అయ్యాయంటే మన వంతు అయిపోయినట్టే, ఇక ఇంటికి వెళ్ళి అన్నం తిని పడుకోవచ్చు. చిక్కు ఎక్కడ వస్తుందంటే, ఎనిమిదో శనివారం పొద్దున్న "అయిదో వారం ఆరు ప్రదక్షిణలే చేశానేమో" అనే అనుమానం పుడుతుంది. మళ్ళీ మొదటి వారం నుంచి మొదలుపెడతాం. ఆ పూటకి మనసు కుదుటపడుతుంది, అది నిజమే. సాయంత్రానికి ఇంకో అనుమానం వస్తుంది. ఈసారి తీరడానికి ఇంకాస్త పెద్ద మొక్కు కావాలి. భరోసా దొరికిన కొద్దీ మనసు ఇంకా భరోసా అడుగుతుంది. కూతురు ఫోను ఎత్తకపోతే వాట్సాప్‌లో లాస్ట్ సీన్ చూసుకోవడం, పది నిమిషాలకి మళ్ళీ చూసుకోవడం కూడా ఇదే జబ్బు. పిన్ని ముడుపుల్నీ, ఈ ఫోను చూసుకోవడాన్నీ పక్కపక్కన పెడితే తేడా ఏమీ కనపడదు.

అందుకని ఒక్కసారే మొక్కుకోండి. తారీఖు, దేవుడి పేరు, ఎందుకోసమో ఒక నోటుబుక్కులో రాసుకోండి. అదే భయం మళ్ళీ వస్తే కొత్త గుడ్డ వెతక్కండి. "ఆ సంగతి నీకు చెప్పేశాను కదా స్వామీ" అని లేచి పనిలోకి వెళ్ళండి. ప్రార్థన చేసుకునేవాళ్ళు ఆ బెంగ చెప్పుకుని ఒకసారి ఆమెన్ అన్నాక, అదే మాట కోసం అర్ధరాత్రి మళ్ళీ మోకాళ్ళ మీదకి వెళ్ళకండి. విన్నాడని నమ్మితేనే కదా నమ్మకం. 23 సార్లు చెప్పామంటే 22 సార్లు ఆయన వినలేదని మన మనసులో ఉన్నట్టు.

ఆ మాట పిన్నితో నేను అంటే వినేది కాదు. మా ఊరి గుడి పూజారి గారు చెప్పారు కాబట్టి విన్నది. అన్నీ ఒకే గుడ్డలో కట్టి హుండీలో వేసెయ్యమన్నారు, ఎవరివి వాళ్ళకి చేరతాయన్నారు. ముడులు విప్పడానికి మా ఇద్దరికీ గంట పట్టింది.

ఒక హెచ్చరిక. చేసిన పనే గంటల తరబడి చేయాల్సి వస్తే, లెక్క తప్పిందని స్నానమో ప్రదక్షిణో మళ్ళీ మళ్ళీ మొదలుపెట్టకుండా ఉండలేకపోతే, దాన్ని భక్తి అనుకోకండి. ఓసీడీ అనే జబ్బు అలాగే ఉంటుంది. దానికి మంచి వైద్యం ఉంది.

"ఏం కాదులే" అనకండి

బెంగ పడేవాళ్ళ ఎదుట కూర్చుంటే మన నోట్లోంచి మొదట వచ్చే మాట ఇదే. ప్రేమతోనే అంటాం. కానీ ఏం కాదని మనకెలా తెలుసు?

1996 నవంబరు 6న నాకు 14 ఏళ్ళు. మధ్యాహ్నం నుంచే ఆకాశం రంగు మారింది. కొబ్బరి మట్టలు ఒకదాన్నొకటి కొట్టుకుంటున్నాయి. మా మావయ్య వీధరుగు మీద కూర్చుని "ఏం కాదు, మనకి తుఫాను కొత్తా" అన్నాడు. రాత్రికి పెంకులు లేచిపోయాయి. తెల్లారి చూస్తే తోటలో 80 చెట్లకి 17 నిలబడ్డాయి. కొబ్బరి మొక్క కాపుకి రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది. నాన్న పడిపోయిన చెట్ల మధ్య నిలబడి ఆ ఏళ్ళు లెక్కపెట్టుకోవడం నేను చూశాను. మాకు చెట్లు పోయాయి, అంతే. కాట్రేనికోన, ఐ.పోలవరం వైపు మనుషులే పోయారు. ఆ తుఫానులో వెయ్యి మందికి పైగా చనిపోయారు. ఆ తర్వాత ఎవరైనా "ఏం కాదు" అంటే నాకు ధైర్యం రావడం మాట అటుంచి, గుండె జారిపోయేది.

ఆ రాత్రి నాకు గుర్తున్న ధైర్యం వేరు. నాయనమ్మ మా పిల్లలందర్నీ నడిమింట్లో ధాన్యం బస్తాల పక్కన కూర్చోబెట్టి, నా చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుంది. "గాలి గట్టిగా వస్తోందమ్మా. నేనిక్కడే ఉంటాను," అంది. అంతే. తెల్లారేదాకా అక్కడే ఉంది. ఆవిడ చెప్పిన రెండు మాటలూ నిజాలే. అందుకే నమ్మగలిగాను.

భగవద్గీత మొదటి అధ్యాయం ఇప్పుడు చదివితే నాకు వేరేగా కనిపిస్తుంది. అర్జునుడికి కాళ్ళూ చేతులూ పట్టు తప్పుతాయి, నోరు ఎండిపోతుంది, ఒళ్ళు వణుకుతుంది, చర్మం మండుతుంది, విల్లు చేతిలోంచి జారుతుంది, తల తిరుగుతుంది. గాభరా వచ్చిన మనిషి ఆసుపత్రిలో చెప్పే మాటలివే. అర్జునుడు ఆ అధ్యాయం చివరిదాకా తన గోడు చెప్పుకుంటూనే ఉంటాడు, కృష్ణుడు అడ్డు తగలడు. విల్లు వదిలేసి రథంలో కూలబడేదాకా వింటాడు. బైబిల్లో ఏలీయా ప్రవక్త అడవిలో చెట్టు కింద పడి, ఇక చాలు, నా ప్రాణం తీసుకో అంటాడు. దేవదూత వచ్చి అతనికి నీతి చెప్పడు. కాల్చిన రొట్టె, నీళ్ళు పెట్టి లేపుతాడు. తిని మళ్ళీ పడుకోనిస్తాడు. మళ్ళీ లేపి మళ్ళీ తినిపిస్తాడు. మాటలన్నీ ఆ తర్వాతే.

కాబట్టి మీ ఇంట్లో ఎవరికైనా గుండె దడ పుడితే మొదట అడగాల్సినవి చిన్న ప్రశ్నలు. అన్నం తిన్నావా? ఎక్కడ పట్టేసినట్టుంది? ఎప్పట్నుంచి? తర్వాత పక్కన కూర్చోండి. "దేవుడి మీద భారం వెయ్యి" అనే మాట మంచిదే గానీ దాన్ని వాళ్ళ నోటి నుంచి రానివ్వండి. మనం అంటే, నీ మొర వినే ఓపిక నాకు లేదు అన్నట్టు వినిపిస్తుంది.

వచ్చే ఆలోచనని ఆపకండి

మందు మింగేటప్పుడు కోతిని తలచుకోకు అన్నాడట వెనకటికి ఒక వైద్యుడు. రోగికి ఆ జన్మలో మందు మింగడం కుదరలేదు. మన పెద్దవాళ్ళకి ఎప్పుడో తెలిసిన ఈ సంగతిని 1987లో డేనియల్ వెగ్నర్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త పరీక్ష పెట్టి చూపించాడు. కాలేజీ పిల్లల్ని కూర్చోబెట్టి, అయిదు నిమిషాలు తెల్ల ఎలుగుబంటిని తలచుకోవద్దు, తలపుకి వస్తే గంట కొట్టండి అన్నాడు. గంటలు మోగుతూనే ఉన్నాయి. తర్వాత, ఇప్పుడు తలచుకోండి అంటే, మొదట్నుంచీ తలచుకోమన్నవాళ్ళ కంటే వీళ్ళకే ఎలుగుబంటి ఎక్కువసార్లు వచ్చింది.

ఇది తెలిసి కూడా "ఆలోచించకు" అని చెబుతూనే ఉంటాం. ఈ మాట నేను ఎంతమంది పిల్లలకి చెప్పానో తలచుకుంటే బాధ వేస్తుంది.

దానికి బదులు భయానికి పీట వెయ్యండి. పెద్దపీట వద్దు, మామూలు పీట. రోజూ ఒకే వేళకి, ఒకే చోట, అరగంట. థామస్ బోర్కోవెక్ అనే ఆయన, తోటి పరిశోధకులు 1983లో ఇలాంటి పద్ధతినే రాశారు. మధ్యాహ్నం గుబులు పుడితే "సాయంత్రం అయిదున్నరకి రా, మాట్లాడుకుందాం" అని పంపేసి చేతిలో పని చూసుకోవాలి. అయిదున్నరకి నిజంగానే కూర్చోవాలి. నేను పెరట్లో నూతి గట్టు మీద కూర్చునేదాన్ని. కాగితం మీద ఒక్కో బెంగా రాసేదాన్ని. పొద్దున్న కొండంత ఉన్నది సాయంత్రానికి ఒక వరుసలో ఇమిడిపోయేది. కొన్ని గుర్తుకి కూడా వచ్చేవి కావు.

ఆ పీట పడక దగ్గర వెయ్యకండి. దేవుడి గదిలో కూడా వద్దు. నిద్రకీ దేవుడికీ వేరే చోటు ఉండాలి.

దేవుణ్ణి నిలదీయండి

భయం వేస్తోందంటే నమ్మకం తక్కువని చాలామంది సిగ్గుపడతారు. చర్చిలో సాక్ష్యం చెప్పడానికి లేచిన మనిషి, నాకింకా భయం పోలేదండీ అని చెప్పలేడు. గుడిలోనూ అంతే. కానీ మన పోతన గజేంద్రుణ్ణి చూడండి. మొసలి నోట్లో కాలు ఉండగా, ఆదుకుంటాడని విన్న ఆ దేవుడు అసలు ఉన్నాడా అని అనుమానిస్తాడు. ఆ అనుమానం వచ్చిందని విష్ణువు రావడం మానలేదు. రామదాసు గోల్కొండ చెరసాల్లో రాముణ్ణి తిట్టిపోశాడు, ఆ తిట్లనే మనం భజనల్లో పాడుకుంటున్నాం. బైబిలు కీర్తనల్లో ఎన్నో మొరలే. కాబట్టి ప్రార్థనలో మంచి మాటలే మాట్లాడాలని కట్టడి పెట్టుకోకండి. భయాన్ని దాచిపెట్టి చేసే పూజ ఒళ్ళు ఇంకా అలసిపోయేలా చేస్తుంది.

లెవెలు చూడకుండా గట్టెక్కకండి, లెవెలు చూశాక లంకలో పడుకోకండి

వరద రోజుల్లో మన దగ్గర పలకరింపే మారిపోతుంది. బాగున్నారా అని ఎవరూ అడగరు. "ధవళేశ్వరం దగ్గర ఎంతుందంటండీ?" అంటారు. అక్కడ బ్యారేజీ దగ్గర గోదారి నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. చదువు రాని మా కొబ్బరి ఒలుపు కూలీలకి కూడా ఈ మూడు అంకెలూ నోటికొచ్చు. మొదటిదానికి నది మధ్య లంకల్లోవాళ్ళు పశువుల్ని ఏటిగట్టు మీదకి తోలతారు. నీళ్ళు ఇంకా పెరిగితే ధాన్యం, మంచాలు పైకెక్కిస్తారు. మూడోదానికి పిల్లల్నీ ముసలివాళ్ళనీ తీసుకుని తామూ గట్టెక్కుతారు. 2022 జూలైలో బ్యారేజీ దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. గట్టు మీద టార్పాలిన్ల కింద వారం పైన ఉన్న మనుషుల్ని నేను చూశాను. వాళ్ళకి భయం లేక కాదు. ఎంత నీటికి ఎంత పని చెయ్యాలో తెలుసు.

మనసుకి ఆ కొలబద్ద లేదు. తొమ్మిది అడుగులకే మూడో హెచ్చరిక మైకు మోగించేస్తుంది. కాబట్టి కొలబద్ద మనమే పాతుకోవాలి. 1960ల్లో ఫిలడెల్ఫియాలో ఏరన్ బెక్ అనే మానసిక వైద్యుడు దిగులుతో వచ్చేవాళ్ళ మాటలు వింటూ ఒక సంగతి పట్టుకున్నాడు. వాళ్ళని కుంగదీసేది జరిగిన విషయమే కానక్కర్లేదు, దాని వెనకే తనంతట తాను మెరిసే ఒక ఆలోచన. అది ఎంత తొందరగా వస్తుందంటే మనం దాన్ని ఆలోచనగా గుర్తించం, నిజమనుకుంటాం. దాన్ని పట్టుకుని, కాగితం మీద పెట్టి, సాక్ష్యం అడగడం ఆయన నేర్పిన వైద్యంలో పెద్ద భాగం.

పిన్నితో ఒక బుధవారం రాత్రి ఇది చేశాను. తొమ్మిదయింది. చెల్లి ఫోను ఎత్తడం లేదు. పిన్ని చెయ్యి అప్పటికే పసుపు డబ్బా మీదకి వెళ్తోంది. కరెంటు బిల్లు వెనక రాయించాను.

మొదటి వరుస, జరిగింది: "అమ్మాయి మూడుసార్లు ఫోను ఎత్తలేదు."

రెండో వరుస, మనసు చెప్పింది: "అమ్మాయికి ఏదో అయింది." ఇది రాసేటప్పుడు పెన్ను ఆగిపోయింది. ఇది జరిగింది కాదు కదా అని తనే అంది.

మూడో వరుస, ఇంకేం అయ్యుండొచ్చు: కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక. అక్కడ ఆరున్నర. ఇంటి పనికి వెళ్ళిన పిల్లకి ఆ ఇంట్లో రాత్రి వంట వేళ. ఫోను గదిలో ఉండి ఉంటుంది.

నాలుగో వరుస నేను కలిపాను, పుస్తకాల్లో లేదు. నా చేతిలో ఉన్నది, నా చేతిలో లేనిది. చేతిలో ఉన్నది: పదిన్నరకి ఇంకోసారి చెయ్యడం, అప్పటికీ ఎత్తకపోతే అదే ఊళ్ళో ఉన్న మన ఊరి వాళ్ళకి చెయ్యడం. చేతిలో లేనిది: ఆ ఇంటివాళ్ళ బుద్ధి, ఆ సముద్రం, ఆ దూరం. ఆ రెండో భాగాన్ని పిన్ని పైకి చదివి, కాగితం మడిచి నరసింహస్వామి పటం వెనక పెట్టింది. దేవుడి మీద భారం వెయ్యడమంటే ఏమిటో నాకు ఆ రాత్రే అర్థమైంది. ఏది ఎంత బరువో తూచి, మనం మొయ్యలేనిదే ఆయనకి ఇవ్వాలి. తూచకుండా అంతా ఆయన మీద పడేస్తే మనసు ఒప్పుకోదు, రాత్రంతా మళ్ళీ లాక్కుంటూనే ఉంటుంది.

పదింపావుకి చెల్లే చేసింది. చెయ్యకపోయినా ఆ కాగితం పని చేసేదనే నా నమ్మకం, ఎందుకంటే అప్పటికే పిన్ని ఊపిరి నిదానపడింది.

అయితే ప్రతి భయాన్నీ ఇలా సర్దిచెప్పుకోకూడదు. ఇది గట్టిగా చెప్పాలి. 1995 జనవరి 8న పాశర్లపూడి గ్యాస్ బావిలో అంటుకున్న మంట 65 రోజులు మండింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం అనే ఊళ్ళో గ్యాస్ పైపులైను పేలి నిద్రలో ఉన్నవాళ్ళు కాలిపోయారు. పొలం గట్టున గ్యాస్ వాసన వచ్చి వణికే మనిషికి ఆలోచన మార్చుకోమని చెబితే అది పాపం. ఆ భయం మంచి కుక్క లాంటిది. అది మొరిగినప్పుడు పొయ్యి ఆర్పి, పిల్లల్ని తీసుకుని దూరంగా వెళ్ళి, ఫిర్యాదు చెయ్యాలి. భర్త కొడుతుంటే వణికే ఆడమనిషి భయం కూడా అంతే, అప్పులవాడు ఇంటి మీదకి వస్తే రైతుకి పట్టే దిగులూ అంతే. అక్కడ మారాల్సింది ఆలోచన కాదు.

అయినవిల్లి పెన్నుని పరీక్షకి ముందే అరగదీయండి

పరీక్షల ముందు అయినవిల్లిలో స్వామి దగ్గర పెన్నులు పెట్టి పూజ చేసి పిల్లలకి పంచుతారు. వేలకి వేలు పంచుతారు. పదో తరగతి పిల్లలు ఆ పెన్నుని రుమాల్లో చుట్టి దాచుకుంటారు. నాకు అది చూస్తే ముచ్చటగానే ఉంటుంది. కానీ ఒక ఏడాది మా బడి పిల్ల పరీక్ష హాలు గుమ్మంలో నిలబడి, పెన్ను ఇంట్లో మర్చిపోయానని, ఇక రాయలేనని వణికింది. ఏడాదంతా చదివిన పిల్ల.

అప్పట్నుంచి మా పిల్లలకి ఒకటే చెబుతున్నాను. ఆ పెన్ను చేతికొచ్చిన రోజే మూత తియ్యండి. దాంతో లెక్కలు చెయ్యండి, పద్యాలు చూడకుండా రాయండి. హాల్లోకి వెళ్ళే నాటికి అందులో ఇంకు అయిపోవాలి. స్వామి ఇచ్చింది మీ వేళ్ళలోకి వచ్చేసి ఉంటుంది, ఏ పెన్నుతో రాసినా వస్తుంది.

సెలైన్ పెట్టించుకోకండి

కాళ్ళు లాగేసినట్టుంది, గుండెల్లో దడగా ఉంది అనగానే మనం వెళ్ళేది ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గరికి. ఒక సెలైను, అందులో బీ కాంప్లెక్సు. ఎక్కుతున్నంతసేపూ మంచం మీద పడుకుంటాం, ఎవరో ఒకరు పక్కన కూర్చుంటారు, హాయిగా ఉంటుంది. ఆ హాయి పక్కన కూర్చున్న మనిషిది. నీళ్ళు తాగగలిగినవాళ్ళకి ఆ సీసా వల్ల భయం తగ్గదు.

నన్నూ అలాగే మూడుసార్లు పడుకోబెట్టారు. తర్వాత ఒక పెద్దాసుపత్రిలో ఈసీజీ తీసి, గుండె బాగుంది, గ్యాస్ అన్నారు. గ్యాస్ మాత్రలు ఆర్నెల్లు మింగాను. మీకేమీ లేదమ్మా అని వాళ్ళు అన్న ప్రతిసారీ నేను అబద్ధమాడుతున్నానని అన్నట్టుండేది. ఏమీ లేకపోవడమేమిటి? ఉంది. గుండెలో లేదు, అంతే.

మొదట ఒళ్ళు చూపించుకోవాల్సిందే. కొత్తగా గుండె నొప్పి వస్తే భయమేనని మీరే తేల్చేసుకోకండి. థైరాయిడ్, రక్తహీనత కూడా దడ పుట్టిస్తాయి, ఒకసారి పరీక్ష చేయించండి. అవి బాగున్నాయంటే మళ్ళీ మళ్ళీ స్కానింగులకి తిరక్కండి. అవి కూడా 23 ముడుపుల లాంటివే. సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్ళండి. పిచ్చి డాక్టరు అనే మాట మన నాలుక మీంచి పోవాలి. ఆందోళనకి ఇచ్చే మందులు చాలావరకు పని మొదలుపెట్టడానికి కొన్ని వారాలు పడుతుంది. నాలుగు రోజులకి గుణం లేదని ఆపకండి, గుణం వచ్చింది కదా అని చెప్పకుండానూ ఆపకండి. మందుల షాపులో అడిగి తెచ్చుకునే నిద్రమాత్రలు మాత్రం వద్దు. కొన్ని అలవాటైపోతాయి, వదలవు.

దగ్గర్లో డాక్టరు లేకపోతే 14416. టెలి మానస్ అని కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టింది. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. నేను మొదటిసారి రాత్రి రెండింటికి, మావారికి తెలియకుండా, వంటింట్లో కూర్చుని చేశాను. చచ్చిపోవాలనే ఆలోచన వస్తుంటే మాత్రం సాయంత్రం పీటా వద్దు, కాగితమూ వద్దు. ఆ క్షణమే చెయ్యండి, ఇంట్లో ఒకర్ని నిద్ర లేపండి. మీ పక్కవాళ్ళు ఆ మాట అంటే పూజ చేయిద్దాం అని వాయిదా వెయ్యకండి.

దడ వచ్చిన నిమిషంలో ఏం చెయ్యాలి? గట్టిగా ఊపిరి పీల్చమంటారు, అది చెయ్యకండి. భయంలో అప్పటికే ఎక్కువ పీలుస్తుంటాం, అందుకే మూతి చుట్టూ తిమ్మిరి, తల తిరుగుడు. వదలడం నిదానం చెయ్యాలి. నాలుగు అంకెలు పీల్చి, ఆరు అంకెలు వదలాలి. అంకెల బదులు నారాయణ అనుకోండి, యేసయ్యా అనుకోండి. వదిలేటప్పుడు ఆ పేరు సాగాలి. సాధారణంగా కాసేపట్లో ఆ ఉధృతి దిగుతుంది. రోజుకి ఆరేసి టీలు తాగేవాళ్ళు రెండుకి తగ్గించి చూడండి. నాకు దాంతోనే సగం వణుకు తగ్గింది.

భయం వేసిన చోటికే వెళ్ళండి

నాకు మొదటిసారి ఈ దడ వచ్చింది గోదారి దాటించే పంటు మీద. 2022 వరద తగ్గి, రేవు మళ్ళీ తెరిచిన కొత్తలో. సఖినేటిపల్లి నుంచి నర్సాపురం అక్కయ్య ఇంటికి వెళ్తున్నాను. వశిష్ఠ గోదారి మధ్యకి వచ్చేసరికి ఉన్నట్టుండి గుండె గొంతులోకి వచ్చింది. చేతులు చల్లబడ్డాయి. ఇక్కడే పోతాను అనిపించింది. ఆవలి ఒడ్డున ఎవరో దించారు.

ఆ తర్వాత పంటు ఎక్కలేదు. దిండి మీదుగా చించినాడ వంతెన దాటి పాలకొల్లు తిరిగి వెళ్ళేదాన్ని. కొన్నాళ్ళకి ఆ వంతెన మీద కూడా దడ మొదలైంది. ఇంకొన్నాళ్ళకి బస్సులో. భయం వేసిన చోటుని వదిలేస్తే భయం అక్కడితో ఆగదు, పక్క చోటు కూడా అడుగుతుంది. చివరికి అక్కయ్యే నన్ను చూడ్డానికి రావాల్సి వచ్చింది.

కాకినాడలో నన్ను చూసిన కౌన్సిలరు ఒక మాట చెప్పింది. పంటు ఎక్కమంది. నాకు కోపం వచ్చింది. ఒక్కసారే కాదమ్మా అంది. మొదటి వారం రేవులో రావిచెట్టు కింద కూర్చుని రాకపోకలు చూడడమే. దడ పుడితే లేచిపోకూడదు, తగ్గేదాకా కూర్చోవాలి. రెండో వారం ఒడ్డుకి కట్టిన పంటు మీదకి ఎక్కి, నిలబడి, దిగిపోవడం. మూడో వారం మావారితో దాటడం. నాలుగో వారం ఒక్కదాన్నే.

ఆ నాలుగో వారం నా పక్కన రెండు మోటారు సైకిళ్ళు, చేపల బుట్టతో ఒక ముసలమ్మ. ఇంజను మోగింది. ఇన్నాళ్ళూ గోదారి దాటేటప్పుడు నా ప్రార్థన ఒకటే ఉండేది, క్షేమంగా దాటించు తల్లీ అని. ఆ రోజు అది అడగలేదు. దాటేదాకా నాతో మాట్లాడుతూ ఉండు అన్నాను. సరిగ్గా నడిమధ్యలో అది వచ్చింది, పాత చుట్టంలా. అరచేతులు తడిసిపోయాయి. వచ్చావా, కూర్చో అన్నాను. ఇనప కమ్మీని వదిలేశాను. ఊపిరి వదిలేటప్పుడు నారాయణ అనుకుంటూ నీళ్ళకేసి చూశాను. గుర్రపుడెక్క ఒకటి, ఊదారంగు పువ్వుతో, మా పక్కనుంచే సముద్రం వైపు కొట్టుకుపోతోంది. అది కనుమరుగయ్యేదాకా చూస్తూ ఉన్నాను. చూడ్డం అయ్యేసరికి ముసలమ్మ బుట్ట నెత్తికెత్తమని పిలుస్తోంది.

ఆవలి ఒడ్డున మాధవాయిపాలెం రేవులో దిగి, బుట్ట ఎత్తి, టీ కొట్టు దాటి వెనక్కి తిరిగాను. అక్కయ్య ఇంటికి ఇంకో రోజు వెళ్ళొచ్చనుకుని, అదే పంటు మీద తిరిగొచ్చాను.